ఫారో దీవులు: ఏది ముందు, ఏది తర్వాత

ఐస్‌లాండ్, నార్వే, స్కాట్లాండ్‌ల నడుమ అట్లాంటిక్‌లో ఉన్న 18 దీవులివి. చెట్లు దాదాపు ఉండవు. చూడాల్సినవన్నీ కొండకొమ్ములు, జలపాతాలు, పక్షుల గూళ్లే. ప్లాన్ వేసేటప్పుడు వీటిని రెండు రకాలుగా విడగొట్టుకోండి: కారు దిగి చూసేవి, పడవ దొరికితేనే చూడగలిగేవి. రెండో రకాన్ని మొదటి రోజుల్లోనే పెట్టుకోవాలి. ఆ రోజు పడవ రద్దయితే మళ్లీ ప్రయత్నించడానికి మరో రోజు చేతిలో ఉంటుంది.

పడవల్లో ఎక్కువగా ఏడిపించేది మీకినెస్ దీవి. మే నుంచి ఆగస్టు దాకా పఫిన్ పక్షుల కోసం జనం ఎగబడతారు కాబట్టి సోర్వాగూర్ ఊరి నుంచి పడవ టికెట్ ముందే బుక్ చేసుకోవాలి. ప్రయాణం ముప్పావు గంటే. కానీ అక్కడి రేవు రాళ్ల మధ్య ఇరుకు సందు. ఎండ కాస్తున్నా సరే, అలల పోటు ఉంటే పడవ ఆనించలేరు. వెళ్లాక తిరుగు పడవ రద్దయ్యే ప్రమాదమూ ఉంది. అందుకే మర్నాడు విమానం ఉన్నవాళ్లు ఈ దీవి జోలికి పోకపోవడమే మేలు. లైట్‌హౌస్ వైపు దారి తెరిచి ఉందో లేదో టికెట్ కొనకముందే కనుక్కోండి.

కల్సోయ్ దీవి అంత మొండిది కాదు. క్లాక్స్‌వీక్ పట్టణం నుంచి 20 నిమిషాల ఫెర్రీ. చిక్కల్లా కార్లకే: ఫెర్రీ చిన్నది, వేసవిలో క్యూలో ముందున్నవాళ్లకే చోటు. కారు క్లాక్స్‌వీక్‌లో వదిలేసి కారు లేకుండా ఎక్కేస్తే, అవతలి ఒడ్డున 506 నంబరు బస్సు ట్రోల్లానెస్ ఊరికి తీసుకెళ్తుంది. అక్కడి నుంచి కల్లూర్ లైట్‌హౌస్‌కు గంటలోపు నడక. గడ్డి వాలు మీద బురద జారుతుంది, స్పోర్ట్స్ షూ పనికిరాదు. చీలమండ దాకా ఉండే, నీళ్లు దిగని బూట్లు కావాలి. అందరూ ఫోటో తీసుకునే చోటు లైట్‌హౌస్ దాటాక, రెండు పక్కలా లోయ ఉన్న సన్నటి గట్టు మీద. గాలి విసురుగా ఉంటే లైట్‌హౌస్ దగ్గరే ఆగిపోవాలి. అక్కడి నుంచీ దృశ్యం ఏమంత తక్కువ కాదు.

విమానాశ్రయం ఉన్న వాగర్ దీవిలో ట్రేలనీపా అనే కొండకొమ్ము ఉంది. 142 మీటర్ల ఆ కొమ్ము మీద నుంచి చూస్తే సరస్సు సముద్రానికి ఎంతో ఎత్తున వేలాడుతున్నట్టు ఉంటుంది. నిజానికి తేడా 30 మీటర్ల చిల్లరే, మిగతాదంతా కెమెరా కోణం మాయ. మిద్‌వాగూర్ ఊరి నుంచి గంట నడక, దాదాపు చదునే. తలకు 200 క్రోనర్ల పైమాటే వసూలు చేస్తారు. కొండలు గొర్రెల మేత భూములు, వాటికి యజమానులున్నారు. డబ్బు ఎక్కువే అనిపించినా, సరస్సు నీరు నేరుగా సముద్రంలోకి దూకే బోస్దలాఫోస్సూర్ జలపాతం కూడా అదే దారిలో వస్తుంది కాబట్టి గిట్టుబాటే.

గాసదాలూర్ ఊరి అంచున ఉన్న మూలాఫోస్సూర్ జలపాతానికి శ్రమే లేదు, కారు ఆపి కాసేపు నడిస్తే చాలు. 2004లో సొరంగం వచ్చేదాకా ఆ ఊరికి కారు దారి లేదు, కొండ దాటి నడవాల్సిందే. సొరంగంలో ఒకే వరుస. పక్కకు తప్పుకునే చోట్లు ఎవరి కుడి వైపున ఉంటే వాళ్లే ఆగి దారివ్వాలి. ఇది తెలియక మధ్యలో ఎదురుపడి వెనక్కి నడుపుకుంటూ పోయేవాళ్లు చాలామంది.

సాక్సున్ ఊళ్లో ఇసుక మీదుగా సముద్రం దాకా నడవాలంటే ఆటుపోట్ల సమయాలు చూసుకుని, నీరు తగ్గుతున్నప్పుడు బయల్దేరాలి. గ్యోగ్వ్ ఊళ్లోని సముద్రపు చీలిక మీ దారిలో పడితే అరగంట చాలు, దానికోసమే పనిగట్టుకుని వెళ్లక్కర్లేదు.

వేసవిలోనూ పగలు 11, 12 డిగ్రీలే. గొడుగు గాలికి తిరగబడుతుంది, రెయిన్ జాకెట్, ప్యాంటు తీసుకెళ్లండి. పొగమంచుకు విమానాలు ఆలస్యమవడం మామూలే కాబట్టి కోపెన్‌హాగన్‌లో తర్వాతి విమానానికి ఒక రాత్రి వ్యవధి ఉంచుకోండి. ఇండియా పాస్‌పోర్ట్‌వాళ్లు ఇంకొకటి చూసుకోవాలి: ఈ దీవులు డెన్మార్క్ రాజ్యంలోవే అయినా, ఐరోపా దేశాల ఉమ్మడి వీసా ప్రాంతమైన షెంగెన్‌లో లేవు. మామూలు షెంగెన్ వీసా చెల్లదు. డెన్మార్క్ వీసాకు దరఖాస్తు చేసేటప్పుడే ఫారో దీవులకూ చెల్లుతుందని వీసా స్టిక్కర్ మీద రాయించుకోవాలి.