సింహరాజ అడవిలో అరుదైన పిట్ట: ఫొటో మేలా, కూత రికార్డింగ్ మేలా?

శ్రీలంకలోని సింహరాజ వర్షారణ్యంలో అరుదైన పిట్ట ఎదురైతే చాలామంది చెయ్యి ముందు కెమెరా మీదికే పోతుంది. అది ఏ పిట్టో తేల్చే ఆధారంగా నా ఓటు మాత్రం అక్కడ కూత రికార్డింగుకే.

ఆ అడవిలో పట్టపగలు కూడా వెలుతురు అంతంతమాత్రం. సెరెండిబ్ స్కాప్స్ గుడ్లగూబ సంగతే తీసుకోండి. 1995లో కితుల్‌గల అడవిలో పక్షి పరిశోధకుడు దీపాల్ వారకగొడ చెవిన ఎవరిదో తెలియని కూత పడింది. ఆ గొంతు ఎవరిదో కళ్లారా చూసేసరికి 2001 జనవరి వచ్చింది, అదీ సింహరాజలో. కొత్త జాతిగా ప్రకటించింది 2004లో. జానెడైనా లేని ఎర్రమట్టి రంగు పిట్ట, తల మీద కుచ్చులు కూడా ఉండవు. పొదలో ఎండుటాకుల మధ్య కూర్చుంటే ఎదురుగా ఉన్నా కంటికి ఆనదు. అడవికోడి లాంటి శ్రీలంక స్పర్‌ఫౌల్ కూడా అంతే. జంటగా గోల చేస్తాయి గానీ, తల బయట పెట్టవు.

అలాగని రికార్డింగును గుడ్డిగా నమ్మడానికీ లేదు. అక్కడి డ్రాంగో, మన ఏట్రింతకు దగ్గరి చుట్టం, పక్కవాళ్ల గొంతులన్నీ అచ్చం దింపేస్తుంది! అందుకే రెండు కూతలకే ఆపేయకుండా కాసేపు సాగనివ్వాలి. నకిలీ గొంతయితే మధ్యలో ఇంకో పిట్టలోకి దూకి దొరికిపోయే అవకాశం ఉంటుంది. చివర్లో చోటు, టైము మీ నోటితోనే చెప్పేస్తే తర్వాత గందరగోళం ఉండదు.

పచ్చముక్కు జెముడుకాకి దగ్గర కథ మారుతుంది. మామూలు జెముడుకాకితో పొరబడడం తేలిక. ఆ లేతాకుపచ్చ ముక్కు ఒక్క ఫొటోలో పడితే ఇక వాదనే లేదు. పడాలి కదా మరి!

వాయవ్య తీరంలోని మన్నార్‌కు వెళ్తే మాత్రం కెమెరాదే రాజ్యం. బయలు ప్రదేశం, గాలి హోరు మైకును ముంచేస్తుంది. దూరంగా బురదలో తిరిగే ఉల్లంకి జాతుల్లో తేడా చెప్పేది కాళ్ల రంగు, ముక్కు పొడవు, రెక్క మీది చార. ఫొటో కాస్త మసకగా ఉన్నా అవి తెలిస్తే చాలు.

అడవిలో కెమెరాతో ఇంకో తంటా ఉంది. ఫొటో కోసం ఫోన్‌లో కూత వినిపించి పిట్టను బయటికి లాగుతారు. తన చోటులోకి ఇంకోటి వచ్చిందనుకుని అది మేత మాని కంగారుగా తిరుగుతుంది. రికార్డింగుకు ఆ అవసరమే లేదు, ఫ్లాష్ గొడవా లేదు. ఖరీదైన మైకు లేకపోయినా ఫోన్ చాలు, వీలైతే ఫైలు శబ్దాన్ని కుదించని వేవ్ (WAV) ఫార్మాట్‌లో దాచుకోండి.