సమీకరణాలు తుల్యం చేసే యాప్: బటన్ మంచిదే, మోల్ లెక్కల దగ్గరే జాగ్రత్త

ఈ యాప్‌లో రసాయన ఫార్ములాలు కొట్టి బటన్ నొక్కితే, రెండు వైపులా అణువుల లెక్క సరిపోయేలా ప్రతి ఫార్ములా ముందు రావాల్సిన సంఖ్యలు, అంటే గుణకాలు, వచ్చేస్తాయి. కింది గడిలో గ్రాములు ఇస్తే మిగతా పదార్థాల బరువులన్నీ పట్టిక వేసి చూపిస్తుంది. ఇలాంటి యాప్‌లు చాలానే ఉన్నాయి కానీ, తుల్యం చేయడం, మోల్ (పదార్థంలోని కణాల సంఖ్యని కొలిచే ప్రమాణం) లెక్కలు రెండూ ఒకే చోట దొరకడం దీని ప్రత్యేకత. ఈ సమీక్ష హైడ్రోకార్బన్ల (కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఉండే పదార్థాల) వరకే. మొదటి పనికి 5కి 4 మార్కులు, రెండో పనికి 2.

పూర్తి దహనంలో వంక పెట్టడానికేం లేదు. ఒక ప్రొపేన్‌కి 5 ఆక్సిజన్, 3 కార్బన్ డయాక్సైడ్, 4 నీరు. బ్యూటేన్‌కి ఆక్సిజన్ ఆరున్నర వస్తే భిన్నంలో వదిలేయకుండా మొత్తం రెట్టింపు చేసి 2, 13, 8, 10 ఇచ్చింది. ఆక్టేన్‌కి 2, 25, 16, 18. చేత్తో సరిచూసుకోవడమూ తేలికే. కార్బన్ల సంఖ్యకి హైడ్రోజన్ల సంఖ్యలో నాలుగో వంతు కలిపితే ఒక మోల్ ఇంధనానికి ఎన్ని మోల్స్ ఆక్సిజన్ కావాలో తేలిపోతుంది. బ్యూటేన్‌కి 4, దానికి 2.5, వెరసి 6.5.

టైపింగ్‌లో మాత్రం పెద్ద, చిన్న అక్షరాలు చూసుకోవాలి. కార్బన్ మోనాక్సైడ్ కొట్టబోయి రెండో అక్షరం చిన్నది కొడితే దాన్ని కోబాల్ట్‌గా చదువుకుని, తుల్యం కాదని ఎర్రగా చూపిస్తుంది. కారణం చెప్పదు.

అసలు చిక్కు అసంపూర్ణ దహనంలో, అంటే ఆక్సిజన్ చాలక కార్బన్ మోనాక్సైడ్ కూడా వచ్చేచోట ఉంది. ప్రొపేన్, ఆక్సిజన్ ఒకవైపు. కార్బన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, నీరు ఇంకోవైపు ఇచ్చి చూడండి. 2 ప్రొపేన్, 9 ఆక్సిజన్ కలిసి 4 డయాక్సైడ్, 2 మోనాక్సైడ్, 8 నీరు అంటుంది. లెక్క తప్పు కాదు. కానీ 1 ప్రొపేన్, 4 ఆక్సిజన్ కలిసి 1 డయాక్సైడ్, 2 మోనాక్సైడ్, 4 నీరు అన్నా అంతే సరిగ్గా తుల్యమవుతుంది! తెలియని గుణకాలు 5, మూలకాలు 3 కాబట్టి షరతులూ 3. రెండు వాయువుల నిష్పత్తి ఇవ్వకపోతే జవాబులు లెక్కలేనన్ని. తప్పు ప్రశ్నదే అనుకున్నా, ఆ మాట యాప్ ఒక్క ముక్క చెప్పాలి కదా. చెప్పదు, తనకి తోచినదొకటి ఇచ్చేస్తుంది.

నిష్పత్తి ఇచ్చే గడి లేదు కాబట్టి విడగొట్టి చేసుకోవాలి. రెండు వాయువులూ సమాన మోల్స్ రావాలనుకుందాం. డయాక్సైడ్ మాత్రమే వచ్చే సమీకరణాన్ని 2తో హెచ్చిస్తే 2 ప్రొపేన్, 10 ఆక్సిజన్, 6 డయాక్సైడ్, 8 నీరు. మోనాక్సైడ్ మాత్రమే వచ్చేదానికి 2 ప్రొపేన్, 7 ఆక్సిజన్, 6 మోనాక్సైడ్, 8 నీరు. రెండూ కలిపితే 4 ప్రొపేన్, 17 ఆక్సిజన్, 6 డయాక్సైడ్, 6 మోనాక్సైడ్, 16 నీరు. ఒక్కోదాన్ని యాప్‌లో విడిగా చేయించుకుని చివరి కూడిక మీరు వేసుకుంటే చాలు.

ఇక బరువులు. 22 గ్రాముల ప్రొపేన్, 64 గ్రాముల ఆక్సిజన్ ఇస్తే 66 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ అంటుంది. మొదటి బరువునే తీసుకుని రెండోదాన్ని పక్కన పడేసిందన్నమాట. 22 గ్రాములంటే అర మోల్ ప్రొపేన్, దానికి 2.5 మోల్స్ ఆక్సిజన్ కావాలి, 64 గ్రాముల్లో ఉన్నవి 2. ఆక్సిజనే ముందు అయిపోతుంది. 0.4 మోల్ ప్రొపేన్ మాత్రమే కాలి 52.8 గ్రాముల కార్బన్ డయాక్సైడ్, 28.8 గ్రాముల నీరు వస్తాయి, 4.4 గ్రాముల ప్రొపేన్ మిగులుతుంది. కూడితే 86, మొదట వేసిందీ 86. సెట్టింగ్స్‌లో లిమిటింగ్ రీయేజెంట్ (ముందుగా అయిపోయే పదార్థం) ఆన్ చేస్తే యాప్ కూడా ఇదే జవాబు ఇస్తుంది. దాన్ని మొదటి నుంచీ ఆన్‌లో ఉంచకపోవడం ఏం తెలివో మరి.

ఘనపరిమాణాల్లో ఇంకో పొరపాటు. ఎస్‌టీపీ (ప్రామాణిక ఉష్ణోగ్రత, పీడనం) దగ్గర నీటిని కూడా వాయువుల్లో కలిపేసి 4 మోల్స్‌కి 89.6 లీటర్లు అంటుంది. 0 డిగ్రీల దగ్గర నీరు ఆవిరిగా ఉండదు, ఆ వరుసని కొట్టేయండి. పీడనం 1 అట్మాస్ఫియర్ అయితే మోల్‌కి 22.4 లీటర్లు, 1 బార్ అయితే 22.7. యాప్ వాడేది మొదటిదే, మీ ప్రశ్నలో ఏది ఉందో చూసుకోండి.

దహన ఫలితాల నుంచి ఫార్ములా కట్టే భాగాన్ని మాత్రం ముట్టుకోకపోవడమే మేలు. 13.2 గ్రాముల కార్బన్ డయాక్సైడ్, 7.2 గ్రాముల నీరు ఇస్తే కార్బన్ 0.3 మోల్, హైడ్రోజన్ 0.8 మోల్ అని సరిగ్గానే తీస్తుంది. ఆ తర్వాత ఒక కార్బన్‌కి 2.67 హైడ్రోజన్లన్న నిష్పత్తిని 3 చేసేస్తుంది, దాంతో ప్రొపేన్ కాస్తా ఈథేన్ అయి కూర్చుంటుంది. 2.67 కనిపిస్తే 3తో, 2.5 కనిపిస్తే 2తో రెండు సంఖ్యలనీ హెచ్చించాలి తప్ప సవరించకూడదు.