నెల్లూరు లివర్‌పూల్ గుంపు: చెన్నైలో కలవడమా, సొంతంగా నిలవడమా?

2020 జూన్ 25, లాక్‌డౌన్ రోజులు. ఇంగ్లండ్‌లో రాత్రి ఫుట్‌బాల్ మ్యాచ్, మనకు అర్ధరాత్రి దాటాక. చెల్సీ చేతిలో, లీగ్‌లో రెండో స్థానంలో ఉన్న మాంచెస్టర్ సిటీ ఓడిపోయింది. దాంతో మా అభిమాన జట్టు లివర్‌పూల్ ఆ రోజు మైదానంలోకి దిగకుండానే 30 ఏళ్ల తర్వాత ఇంగ్లండ్ లీగ్ టైటిల్ కొట్టేసింది. మాగుంట లేఅవుట్‌లో మా మిద్దె మీద నేనొక్కణ్ణే, పక్కింటివాళ్లు లేస్తారేమోనని నోరు మూసుకుని గెంతాను. ఊళ్లో ఇలా గెంతేవాళ్లు ఇంకెవరున్నారా అని వెతికితే మొదట నలుగురం తేలాం. ఇప్పుడు ముప్పై మందికి పైనే ఉన్నాం. కావలి నుంచి ఇద్దరు వస్తారు, ఒంగోలు నుంచి అప్పుడప్పుడు ఒకడు.

గుంపు పెరిగిందంటే చర్చ మొదలైనట్టే. చెన్నైలోని లివర్‌పూల్ అభిమానుల్లో కలిసిపోదామని కొందరు, అన్ని జట్ల అభిమానులనీ కలుపుకుని ఊరంతటికీ ఒకే ఫుట్‌బాల్ క్లబ్ పెడదామని కొందరు, లివర్‌పూల్ పేరుతోనే సొంతంగా నిలబడదామని మిగతావాళ్లు.

చెన్నై మాట తీసేయదగింది కాదు. మనకు 175 కిలోమీటర్లే. పెద్ద తెర, నిండు హాలు, పాటలు రాని వాళ్లు కూడా పాడేంత ఊపు. నెల్లూరోళ్లకి అరవం ఎలాగూ అర్థమవుతుంది. చిక్కంతా గడియారంతోనే. పొద్దున పినాకిని ఎక్కితే మధ్యాహ్నానికి సెంట్రల్‌లో దిగొచ్చు గానీ, తిరుగు పినాకిని మధ్యాహ్నమే బయల్దేరిపోతుంది. ఇంగ్లండ్‌లో శనివారం సాయంత్రం అయిదున్నర మ్యాచ్ చలికాలంలో మనకు రాత్రి 11కి మొదలవుతుంది, అయ్యేసరికి ఒంటిగంట. నేను రెండుసార్లు వెళ్లాను. రెండోసారి జట్టు ఓడింది, ప్లాట్‌ఫారం మీద బ్యాగు తలకింద పెట్టుకుని తెల్లారేదాకా దోమలతో గడిపాను. నెలకి మూడుసార్లు ఈ పని చేయమంటే ఇంట్లో ఊరుకోరు, ఒళ్లూ ఊరుకోదు.

ఊరుమ్మడి క్లబ్ లెక్క ప్రకారం బాగుంటుంది. ఆర్సెనల్, చెల్సీ, యునైటెడ్ వాళ్లు కూడా వస్తే తలా ఇంత వేసుకుని మంచి ప్రొజెక్టరే కొనొచ్చు. అదీ చూశాం. 2023 మార్చి 5, ఆదివారం రాత్రి 10 గంటలకి లివర్‌పూల్, మాంచెస్టర్ యునైటెడ్ మ్యాచ్. ఒక మిత్రుడి మెస్ పైగదిలో రెండు పక్షాలూ కూర్చున్నాం, బిర్యానీకి చందా అనుకున్నాం. హాఫ్‌టైమ్‌కి 1-0. ఆ తర్వాత ఇంకో ఆరు పడ్డాయి. అయిదో గోల్ అయ్యాక యునైటెడ్ వాళ్లు ఒక్కొక్కరే "టీ తాగొస్తాం అన్నా" అని మెట్లు దిగారు. టీ ఇంకా అవలేదు, చందా ఇంకా రాలేదు. పాపం, వాళ్ల తప్పేమీ లేదు. 7-0 ఎవరు చూస్తారు? జట్టు కోసం వచ్చినవాణ్ణి ఆట కోసం కూర్చోమంటే కూర్చోడు. పైగా జనం పెరిగితే పెద్ద హాలు తీసుకోవాలి. డబ్బులు తీసుకుని చూపించడం మొదలుపెడితే ఇంటి సబ్‌స్క్రిప్షన్ పనికిరాదు, దానికి అనుమతి వేరే.

నా ఓటు సొంత గుంపుకే. అయితే మా కుర్రాళ్లు అనుకునే రకంగా కాదు. వాళ్లకి ముందు ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ క్లబ్ నుంచి గుర్తింపు కావాలి, బ్యానర్ కావాలి. కమిటీ అనగానే అధ్యక్షుడెవరని రెండు వారాలు వాట్సాప్‌లో నలిగింది, ఆ రెండు వారాల్లో మ్యాచ్ చూడ్డానికి వచ్చింది తొమ్మిదిమంది.

నార్వే సంగతి చూడండి. లివర్‌పూల్‌కి విదేశాల్లో ఉన్న అతి పెద్ద అభిమాన సంఘాల్లో అక్కడిదొకటి, సభ్యులు పదుల వేలల్లో ఉన్నారు. ఆ సంఘం పుట్టింది 1980లో. కానీ దాని వేరు 1969లో ఉంది. ఆ ఏడాది నవంబర్‌లో అక్కడి ప్రభుత్వ టీవీ శనివారాల్లో ఇంగ్లండ్ మ్యాచ్ ఒకటి లైవ్‌గా వేయడం మొదలుపెట్టింది. మొదటిది వుల్వ్స్, సండర్‌లాండ్ మధ్య, లివర్‌పూల్ కూడా కాదు. పదేళ్లకు పైగా శనివారమైతే జనం టీవీ ముందు చేరడం అలవాటైంది. సంఘం ఆ తర్వాత వచ్చింది.

మాకూ అలాంటి శనివారమే కావాలి. ఇంగ్లండ్‌లో మధ్యాహ్నం మూడు గంటల మ్యాచ్ చలికాలంలో మనకు రాత్రి 8.30కి వస్తుంది. భోజనం చేసి రావచ్చు, పదిన్నర దాటేసరికి ఇంటికి పోవచ్చు. తమాషా ఏమిటంటే స్టేడియాలు ఖాళీ అవుతాయని ఆ వేళ మ్యాచ్‌లని ఇంగ్లండ్‌లోనే టీవీలో లైవ్‌గా వేయరు. లివర్‌పూల్ సొంత స్టేడియం ఆన్‌ఫీల్డ్ పక్కవీధి వాడికి దొరకనిది మాగుంట లేఅవుట్‌లో దొరుకుతుంది!

ఇప్పటికి మా మిద్దె మీద తెల్ల దుప్పటి, అద్దె ప్రొజెక్టర్, ఇరవై ప్లాస్టిక్ కుర్చీలు. గడప దగ్గర ఒక వెదురుబుట్ట పెడతాం, ఫోన్లన్నీ అందులో వేయాలి. మా స్ట్రీమింగ్ అర నిమిషం వెనక నడుస్తుంది. ఒకసారి మా జట్టు ఆటగాడు సలా ఇంకా బంతి అందుకోకముందే ఎవరి ఫోనో టింగుమంది, మిగతావాళ్లు వాణ్ణి కొట్టినంత పని చేశారు. ఆ బుట్ట పెట్టాకే వచ్చేవాళ్లు మానకుండా వస్తున్నారు. చెన్నైకి సీజన్‌లో ఒకసారి, ఫైనల్ లాంటిది ఉంటే, అందరం కలిసి వెళ్దాం. గుర్తింపు కాగితం సంగతి ఇరవై కుర్చీలూ చాలని రోజున చూసుకుందాం.

ఒక్క మాట: అక్టోబర్ ఆఖరి ఆదివారం ఇంగ్లండ్‌లో గడియారాలు వెనక్కి తిప్పుతారు, మనకు ఏడున్నరకి వచ్చే మ్యాచ్ ఎనిమిదిన్నరవుతుంది. పోయినేడు కావలి వాళ్లు గంట ముందే వచ్చి మా అమ్మ పెట్టిన చేపల పులుసు ఖాళీ చేశారు. ఈసారీ ముందే వచ్చేలా ఉన్నారు.