మేనమామ పోలిక: ఒక జెనెటిక్ కౌన్సెలింగ్ సెంటర్ గురించి

హైదరాబాద్‌లో మేము వెళ్లిన జెనెటిక్ కౌన్సెలింగ్ సెంటర్‌కి, అంటే వంశంలో దిగే జబ్బుల గురించి పరీక్ష చేసి వివరించే చోటికి, ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నా. పేరు రాయడం లేదు, తిట్టాల్సిన సంగతి కూడా ఒకటి ఉంది కాబట్టి. ఇలాంటి చోటికి వెళ్లాలా వద్దా అని ఊగిసలాడేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నా.

మాది ఖమ్మం. టైలరింగ్ షాపు నడుపుతాను. బాబుకి పదకొండేళ్లు. రెండేళ్ల కిందట వాడి గోళ్లు పలచబడి, నిలువునా చీలి, అరిగిపోవడం మొదలైంది. తర్వాత మెడ మీద వల పరిచినట్టు నల్లటి చారలు. "అచ్చం మేనమామ పోలిక" అని చుట్టాలు మురిసిపోయేవాళ్లు. గోళ్లు కూడా మేనమామవే అని నాకొక్కదానికే తట్టింది. మా తమ్ముడు 2009లో, ఇరవై నాలుగేళ్లకే పోయాడు. మూలుగ రక్తం తయారుచేయడం మానేసిందన్నారు. అంతకుముందు వాడి నాలుక మీద తెల్ల మచ్చ వచ్చింది. గుట్కా తింటున్నాడని నాన్న బెల్టుతో కొట్టాడు. వాడు జన్మలో గుట్కా ముట్టలేదు.

బాబుకి ప్లేట్‌లెట్లు తగ్గాయని తెలిశాక ఇక్కడి పిల్లల డాక్టరుగారే మమ్మల్ని అక్కడికి పంపారు. కౌన్సెలింగ్ 1,200, జన్యు పరీక్ష 18,500. మొదటిరోజు గంటన్నర కూర్చోబెట్టి అంతా తెలుగులోనే మాట్లాడారు. కౌన్సెలర్ చిన్నపిల్ల, ముప్పై కూడా ఉండవు. మగవాళ్లకు చతురస్రాలు, ఆడవాళ్లకు సున్నాలు పెట్టి మా మూడు తరాలు గీసింది. చిన్నప్పుడే పోయిన మా అమ్మ తమ్ముడు కూడా అందులోకి వచ్చాడు. ఆ కాగితం చూస్తే జబ్బు ఆడవాళ్ల మీదుగా మగపిల్లలకి దిగుతున్న దారి నాకే కనిపించింది.

వచ్చిన జబ్బు పేరు డిస్కెరటోసిస్ కంజెనిటా. ఎక్స్ క్రోమోజోమ్ మీదున్న డీకేసీ1 జన్యువులో లోపం. ఈ జబ్బుకి ఆ జన్యువే కారణమని 1998లో కనిపెట్టారట. దాన్నుంచి తయారయ్యే ప్రోటీన్ పేరు డిస్కెరిన్. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాలనే పూసల దండ. మావాడిలో దాని 353వ స్థానంలో అలనిన్ అనే పూస బదులు వాలిన్ పడింది. జన్యువులో ఒక్క అక్షరం తేడా!

నేను టైలర్‌నని తెలిసి ఆ అమ్మాయి చెప్పిన పోలికకే నా నాలుగు స్టార్లలో రెండు. రైబోజోమ్ అంటే కణంలో ప్రోటీన్లు కుట్టే మిషన్. అందులో ఎక్కువ భాగం ఆర్ఎన్ఏ, అంటే డీఎన్ఏ లాగే అక్షరాల వరుసగా ఉండే పదార్థం. ఆ ఆర్ఎన్ఏలో దాదాపు వంద చోట్ల యురిడిన్ అనే అక్షరాన్ని కాస్త తిప్పి సూడోయురిడిన్‌గా మార్చాలి. ఆ పని డిస్కెరిన్‌ది. అది సరిగ్గా జరగకపోతే? "టెన్షన్ స్క్రూ సరిగ్గా పెట్టని మిషన్ అనుకోండి మేడమ్" అంది. ఇక నాకు వేరే చెప్పక్కర్లేదు. టెన్షన్, అంటే దారం బిగుతు, తప్పిన మిషన్ ఆగిపోదు. కాటన్ మీద బానే నడుస్తుంది, జార్జెట్ పెట్టామా, కుట్లు వదిలేస్తుంది. ఇక్కడా అన్ని ప్రోటీన్లకూ ఒకేలా దెబ్బ తగలదు, కొన్నే తగ్గుతాయి. కణం అదుపు తప్పకుండా కాపలా కాసే పీ53, పీ27 అలాంటివేనని కణాల మీద, ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో కనిపించిందట.

ఈ జబ్బున్నవాళ్లకి కేన్సర్ ముప్పు కూడా ఎక్కువేనంది. మరి రక్తకణాలు పెరగని జబ్బులో, కణాలు మితిమీరి పెరిగే కేన్సర్ భయమేమిటని అడిగాను. డిస్కెరిన్‌కి రెండో ఉద్యోగం కూడా ఉందంది: క్రోమోజోమ్ అంచులు కాపాడే టెలోమెరేజ్‌కి అండగా ఉండటం. గుడ్డ అంచుకి ఓవర్‌లాక్ లాగన్నమాట. అది లేకపోతే పోగులు ఊడి మూలుగ కణాలు విభజన చెందలేవు. ఊడిన అంచులు ఒకదానికొకటి అతుక్కుని జన్యువులు చెదిరితే కేన్సర్‌కి దారి. మనుషుల్లో ప్రధాన నష్టం ఈ అంచుల వల్లేనని ఎక్కువమంది అభిప్రాయం. కానీ 2003లో వచ్చిన ఒక పరిశోధనలో, అంచులు అరగకముందే, రైబోజోమ్‌లో ఆ సూడోయురిడిన్ మార్పులు తగ్గిన ఎలుకల్లో కణుతులు వచ్చాయి. దేని వాటా ఎంత అన్నది ఇంకా తేలలేదని దాచకుండా చెప్పింది.

మా ఆయన నా మేనత్త కొడుకే. మేనరికం చేసుకోమని పట్టుబట్టింది అత్తయ్య. అందుకే మనవడికి ఇలా అయిందని రెండేళ్లుగా కుమిలిపోతోంది. రెండోసారి ఆవిడనీ తీసుకెళ్లాను. "మేనరికం వల్ల వచ్చే జబ్బులు వేరే ఉన్నాయమ్మా, ఇది వాటిలోది కాదు. మగపిల్లాడికి ఎక్స్ తల్లి నుంచే వస్తుంది, మీ అబ్బాయి వైపు నుంచి కాదు" అని కాగితం మీద గీసి చూపించింది. అత్తయ్య ఆ కాగితం మడిచి పర్సులో పెట్టుకుంది. నేను వాహకురాలినే, అంటే ఆ లోపాన్ని మోస్తున్నదాన్నే అయినా బాగానే ఎందుకున్నానంటే, నా రక్తకణాల్లో లోపమున్న ఎక్స్ నిద్రపోయి రెండోది పనిచేస్తోందట.

ఇప్పుడు తిట్టు. మూడు వారాలన్న రిపోర్టు ఐదు వారాలకి వచ్చింది. అదీ శనివారం రాత్రి 9:40కి, వాట్సాప్‌లో, ఇంగ్లీషు పీడీఎఫ్. ముందొక ఫోన్ లేదు. "పాథోజెనిక్" (జబ్బు కలిగించేది) అన్న ఒక్క మాట పట్టుకుని సోమవారం దాకా నిద్రలేదు. ఒక స్టార్ అక్కడే పోయింది. గట్టిగా అడిగితే కౌన్సెలర్ క్షమాపణ చెప్పింది గానీ, పంపింది ఆమె కాదు, ఆఫీసు.

తర్వాత ఏం చేయాలో మాత్రం తెలుగులో రాసిచ్చారు. రక్తపరీక్ష ఎప్పుడెప్పుడు, ఏటా నోరు చూపించడం, ఎండలో జాగ్రత్త, పొగాకు జోలికి జన్మలో పోకూడదు. మూలుగ మార్పిడి అవసరమైతే ఇంట్లోవాళ్లది తీసుకునే ముందు వాళ్లకీ ఈ జన్యు పరీక్ష తప్పనిసరి.

నాలుక మీద తెల్ల మచ్చ ఈ జబ్బు మూడు గుర్తుల్లో ఒకటి. తక్కిన రెండూ గోళ్లు, చర్మం. బయటికి రాగానే నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "చెల్లెల్ని కూడా తీసుకెళ్లు" అన్నారు. దానికి ఇద్దరు మగపిల్లలు. వచ్చే నెల అపాయింట్‌మెంట్ తీసుకున్నాం.

సెంటర్ మూడో అంతస్తులో ఉంది, మేము వెళ్లిన రెండుసార్లూ లిఫ్ట్ పనిచేయలేదు. పెద్దవాళ్లతో వెళ్తే ముందే ఫోన్ చేసి కనుక్కోండి.