గ్యారేజీ అన్నారు, గడ్డిపాక చూపించారు: వరానోలో బావ ఎయెర్మాక్కి

ఇటలీలో పార్మాకి దగ్గర్లో వరానో దె మెలెగారి అని చిన్న ఊరుంది, అక్కడో చిన్న రేస్ ట్రాక్. ఏటా మే నెలలో అక్కడ ఇటలీ పాత వాహనాల సంఘం ఏఎస్ఐ, మోటోషో పేరుతో పాత మోటార్‌సైకిళ్ల జాతర జరుపుతుంది. మా బావ తన 350 ఎయెర్మాక్కి అలా దోరో అనే పాత ఇటాలియన్ రేసు బండిని మళ్లీ ట్రాక్ ఎక్కించాలని పట్టుబట్టి 2025లో మ్యూనిక్ నుంచి వ్యాన్‌లో వేసుకుని అక్కడికే బయల్దేరాడు. తోడు అక్కా, నేనూ. బండి తిరిగింది, ఆ సంగతి చెప్తాను. ముందు మేం దిగిన ఇంటి గురించి చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి బండితో ఆ వైపు వెళ్లేవాళ్లు ఇంకెవరైనా ఉంటే ఆ ఉచ్చులో పడకూడదు.

ప్రకటనలో స్పష్టంగా రాసుంది: తాళం వేసుకునే గ్యారేజీ, ట్రాక్‌కి పది నిమిషాల దూరం. రాత్రికి 118 యూరోలు, గ్యారేజీకి రోజుకి 20 అదనం, క్లీనింగ్‌కి 45. ఊరి టూరిస్టు పన్ను వేరే, అది నగదుగా చేతిలో పెట్టాలి. కొండ అంచున పాత రాతి ఇల్లు, కింద లోయలో చెనో నది, ఆ ఫొటోలు చూసే అక్క ఫిదా అయిపోయింది. బావ మాత్రం గ్యారేజీ అన్న ఒక్క మాట చూసి ఓకే అన్నాడు. నంబర్ ప్లేటు లేని, ఇద్దరు మనుషులు ఎత్తుకుపోగలిగిన బండి అది. రాత్రి దాన్ని ఎక్కడ పెడతాం అన్నదే ఆయనకున్న ఏకైక టెన్షన్.

చేరేసరికి చీకటి పడింది. ఇంటావిడ టార్చి పట్టుకుని ఇంటి వెనక్కి తీసుకెళ్లి చూపించిన గ్యారేజీకి మూడు వైపులే గోడలున్నాయి. నాలుగో వైపు ట్రాక్టర్ అడ్డంగా ఉంది. పైన రేకులు, లోపల గడ్డి మోపులు, వాటిని ఆనుకుని డీజిల్ డబ్బా. తాళం ఏదమ్మా అని అడిగితే గోడకి వేలాడుతున్న గొలుసు చూపించింది. గొలుసు బాగానే ఉంది, అది తగిలించడానికి తలుపే లేదు. ఇక్కడికి దొంగలు రారు, మా అమ్మమ్మ కాలం నుంచీ మేం దేనికీ తాళం వెయ్యలేదు అంటుంది. ఫోన్‌లో అనువాదం చదివిన అక్క "తాళం వెయ్యనప్పుడు ఇరవై యూరోలు దేనికి తల్లీ?" అని అచ్చ తెలుగులోనే అడిగేసింది. ఆవిడకి అర్థమైందనే నా అనుమానం, మొహం ముడుచుకుని లోపలికి వెళ్లిపోయింది.

బావ ఒక్క మాట మాట్లాడలేదు. వ్యాన్‌లో బండి పక్కన జర్కిన్ పరుచుకుని పడుకున్నాడు. పెట్రోలు వాసనలో పడుకోవద్దు, పైకి రా బావా అని ఎంత చెప్పినా వినలేదు, తలుపు ఓరగా తెరుచుకుంటాలే అన్నాడు. మే నెల అయినా ఆ కొండ మీద రాత్రి చలి మామూలుగా లేదు. పైన గదిలో మా పరిస్థితి కూడా గొప్పగా ఏమీ లేదు, వేడినీళ్లు అక్క స్నానం సగంలో ఉండగానే అయిపోయాయి. ఉదయం టిఫిన్ అని ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన క్రోసాన్ ఒక్కొక్కరికి ఒకటి పెట్టారు. రెండోది అడిగితే 2 యూరోలు. ఆ రెండు యూరోల దగ్గర అక్కకి ఒళ్లు మండిపోయి సామాను సర్దేసింది.

రెండు రాత్రులకి ముందే కట్టిన 321 యూరోల్లో, ఫొటోలు తీసి బుకింగ్ సైట్‌కి పంపించి, అటూ ఇటూ మెయిళ్లు నడిపాక వెనక్కి వచ్చింది గ్యారేజీ తాలూకు 40 మాత్రమే. రేకుల కప్పు ఉంది కాబట్టి అది గ్యారేజీయే అని ఆవిడ వాదన. నా సలహా ఒకటే, గ్యారేజీ అని రాసున్న ప్రతి చోటా బుక్ చెయ్యకముందే తలుపు ఫొటో, తాళం ఫొటో అడిగి తెప్పించుకోండి. పంపించని వాళ్ల ఇంటికి వెళ్లకండి, కిటికీలోంచి ఎంత లోయ కనిపించినా సరే.

తర్వాత దగ్గర్లోని ఫోర్నోవో అనే ఊళ్లో దొరికిన చోటుకి మాత్రం దణ్ణం పెట్టాలి. స్టేషన్ దగ్గర ఒక పెద్దాయన ఇంటి పై గది, 70 యూరోలు, అందులోనే అన్నీ. కింద ఇనప షట్టర్ వేసిన గది, దాని తాళంచెవి మన చేతికే ఇచ్చేస్తాడు. కిటికీ తీస్తే పార్మా నుంచి లా స్పెజ్జియా వెళ్లే రైలు పట్టాలు తప్ప ఇంకేం కనపడదు, రాత్రి గూడ్సు వెళ్తే మంచం కదులుతుంది. బావ ఆ షట్టర్‌ని మూడుసార్లు ఎత్తి దించి చూసుకుని పడుకుంటే తెల్లారేదాకా లేవలేదు.

ఇంతకీ ఆ బండి మీద అంత ప్రాణం ఎందుకో చెప్పాలి. ఎయెర్మాక్కి అసలు విమానాల కంపెనీ, వరేజే ఊరిది. యుద్ధం అయ్యాక అక్కడి సరస్సు ఒడ్డున స్కిరాన్నాలో మోటార్‌సైకిళ్లు మొదలుపెట్టారు. ఆల్ఫ్రెడో బియాంకి గీసిన ఇంజన్‌లో సిలిండర్ నిలువుగా ఉండదు, ముందు చక్రం వైపు పడుకుని ఉంటుంది, గాలి నేరుగా తగులుతుంది, బరువు కిందికి ఉంటుంది. బోర్ అంటే సిలిండర్ వెడల్పు 74 మిల్లీమీటర్లు, స్ట్రోక్ అంటే పిస్టన్ కదిలే దూరం 80, మొత్తం 344 సీసీ, ఒకటే సిలిండర్, వాల్వులని తెరవడానికి పుష్‌రాడ్లనే కడ్డీలు. ఎమ్‌వీ అగుస్తా లాంటి కంపెనీలు తమ ఫ్యాక్టరీ రేసు బళ్లు బయటివాళ్లకి అమ్మేవి కావు, సొంత డబ్బుతో రేసులకి వెళ్లే కుర్రాళ్లు కొనుక్కోగలిగింది ఇదీ ఇలాంటివే. 1960లో హార్లీ-డేవిడ్‌సన్ కంపెనీలో సగం వాటా కొంది, 1978లో ఫ్యాక్టరీ కాజీవా చేతికి పోయింది, ఇప్పుడు అదే చోట ఎమ్‌వీ అగుస్తా ఉంది. బావకి రెంజో పాసోలిని అంటే పిచ్చి. కళ్లజోడు పెట్టుకుని రేసులు చేసినవాడు, ఎయెర్మాక్కితోనే పేరు తెచ్చుకున్నాడు, 1973 మే 20న మోంజా ట్రాక్‌లో ఇంకో రేసర్ యార్నో సారినెన్‌తో పాటు అదే ప్రమాదంలో పోయాడు. ఆ కథ మాకు ఆస్ట్రియా-ఇటలీ సరిహద్దులోని బ్రెన్నర్ కనుమ దాకా ఒకసారి, వెరోనా దాటాక ఇంకోసారి చెప్పాడు.

బండి ఆయన దగ్గరికి వచ్చింది అట్టపెట్టెల్లో. దానికీ, దాని స్పేర్లకీ పోసిన డబ్బుతో తెనాలిలో ఇంటి మీద ఇంకో అంతస్తు లేచేదని అక్క లెక్క. ఆ లెక్క తప్పని బావ కూడా అనడు.

ఇక ట్రాక్. రెండు కిలోమీటర్ల పైచిలుకు పొడవు, అంతే. 1982లో మాంట్రియల్‌లో రేసు స్టార్ట్ దగ్గరే జరిగిన ప్రమాదంలో ప్రాణం పోయిన ఫార్ములా వన్ డ్రైవర్ రికార్డో పాలెట్టి పేరు పెట్టారు దీనికి. అమెరికాలో జరిగే ఇండీకార్ రేసుల కార్లకి ఛాసిస్‌లు చేసే డల్లారా కంపెనీ కూడా ఇదే ఊరు, కాబట్టి ఇంజన్ల మోత ఇక్కడెవరికీ కొత్త కాదు. గేటు దగ్గర కాగితాలు చూసినావిడ కాస్త విసుక్కుంది గానీ పని రెండు నిమిషాల్లో అయిపోయింది. మోంజా, ముజెల్లో లాంటి పెద్ద ట్రాక్‌లు చూద్దాం అనుకునేవాళ్లకి నచ్చకపోవచ్చు, నాకు మాత్రం ఇదే నచ్చింది, బండి ఎటు వెళ్లినా మళ్లీ తొందరగా కనిపిస్తుంది, బళ్లు నిలిపే ప్యాడాక్‌లో ఎవరి బండి పక్కకైనా వెళ్లి నిలబడొచ్చు, తాళ్లు కట్టి దూరంగా ఉంచడాలు లేవు.

బళ్లని కాలాన్ని బట్టి గుంపులు చేసి కాసేపు కాసేపు వదులుతారు. రేసు కాదు, టైమ్ కొలవరు. అయినా హెల్మెట్ పెట్టుకున్నాక అరవై ఏళ్లవాళ్లు కూడా ఎవరూ నెమ్మదిగా వెళ్లరు.

మా గుంపు వంతు వచ్చేసరికి కార్బ్యురేటర్ కింద పెట్రోలు కారుతోంది. ఈ పాత డెల్లోర్టో కంపెనీ కార్బ్యురేటర్‌కి ఫ్లోట్ గిన్నె విడిగా ఉంటుంది, అదురు తగలకుండా రబ్బరు మీద వేలాడదీస్తారు. పెట్రోలు మట్టం పెరగ్గానే ఇత్తడి ఫ్లోట్ పైకి తేలి సూదిని మూసెయ్యాలి, మాది తేలడం మానేసింది. ఆ సెషన్ పోయింది. బావ మొహం చూడలేక నేను పక్కకెళ్లిపోయాను. పక్క గుడారంలో ఇంజన్ తుడుచుకుంటున్న ముసలాయన, వేళ్ల సందుల్లో గ్రీజు ఇంకిపోయిన చేతులు, అడక్కుండానే వచ్చి ఫ్లోట్ తీసి చెవి దగ్గర పెట్టి ఊపాడు. లోపల గలగలమంది. వేడినీళ్లు కావాలి అని సైగ చేశాడు. అక్క ఎక్కడికెళ్లినా ఎలక్ట్రిక్ కెటిల్ లేకుండా కదలదు, టీ కోసం. అది ఆ పూటకి పనికొచ్చింది. వేడినీళ్లలో ముంచగానే ఫ్లోట్ అతుకు దగ్గర సన్నటి బుడగలు వరసగా లేచాయి. అదే చిల్లి, సూదిమొన అంత. గోరుతో అక్కడ గీత పెట్టి, చిల్లి కిందికి వచ్చేలా తిప్పి వేడినీళ్లలోనే ఉంచుతూ లోపలున్న పెట్రోలు చుక్క మిగలకుండా వెళ్లగొట్టాడు, చాలా సేపు పట్టింది, తొందరపడితే టంకం పెట్టేటప్పుడు పేలుతుందని చేతులతో అభినయించి మరీ చూపించాడు. ఆ తర్వాత కాస్తంత టంకం. అదీ ఎక్కువైందని ఆకురాయితో గీకాడు, ఫ్లోట్ బరువు పెరిగితే మట్టం మారిపోతుంది కదా. డబ్బు ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. బావ వ్యాన్‌లోంచి ఇంజన్ ఆయిల్ డబ్బా, లీటరు 19 యూరోలది, తెచ్చిస్తే అది మాత్రం లేబుల్ చదివి తీసుకున్నాడు.

మధ్యాహ్నం సెషన్‌కి బండి తయారు. కిక్ రాడ్ లేదు, తోసి స్టార్ట్ చెయ్యాలి, నేనొక పక్క, అక్క ఒక పక్క. క్లచ్ వదలగానే వెనక చక్రం ఒక్కసారి ఈడ్చుకుని, దగ్గి, అందుకుంది. మెగాఫోన్ సైలెన్సర్ మోతకి అక్క చెవులు మూసుకుంది, పొగ మొహానికి కొట్టగానే మాత్రం చేతులు దించి, "ఒరేయ్, ఇది అమ్మమ్మ పట్టించిన ఆముదం వాసనరా" అంది. నిజంగా ఆముదమే. ఆ రోజుల్లో రేసు ఇంజన్లకి ఆముదం కలిసిన ఆయిలే వాడేవాళ్లు, ఎంత వేడెక్కినా లోహాన్ని పట్టుకుని వదలదు. కాకపోతే మామూలు ఆయిల్‌తో కలవదు, బండి ఊరికే నిలబడితే జిగురుగా పేరుకుంటుంది, బావ విప్పినప్పుడు ఇంజన్ లోపలంతా ఆ జిగురే. మహబూబ్‌నగర్ వైపు చేలల్లో పండేది ఇక్కడ ఇంత మర్యాదగా లీటరు 19కి అమ్ముతున్నారని అక్క లోపల్లోపల లెక్క వేసుకుంటున్నట్టే ఉంది.

బావ దిగి వచ్చి, చేతితొడుగు తీస్తే వేళ్లు వణుకుతున్నాయి. ఎలా ఉంది అంటే, "రెండో గేర్ కాస్త పట్టేస్తోంది, ముందు బ్రేక్ ఎడమకి లాగుతోంది" అన్నాడు. డ్రమ్ బ్రేకులంటే అంతే. ఆ రాత్రి ఫోర్నోవోలో వైన్ తాగాక గానీ పూర్తిగా మాట్లాడలేదు, మాట్లాడ్డం మొదలుపెట్టాక ఆపలేదు.

తిండి విషయంలో ఒక హెచ్చరిక. పార్మా అంటే పంది మాంసం దేశం. అక్క కోడి తింటుంది గానీ పంది ముట్టదు. ట్రాక్ దగ్గర తోర్తా ఫ్రిత్తా అని వేడి వేడిగా పెట్టారు, అచ్చం పొంగిన పూరీలా ఉంది, ఆశగా రెండు తినేసింది. తర్వాత తెలిసింది, సంప్రదాయంగా దాన్ని వేయించేది పంది కొవ్వులోనట. వెరోనా దాటేదాకా మాతో మాట్లాడలేదు. గుడ్డు తినే శాకాహారులకి ఇక్కడ దిక్కు తోర్తెల్లీ దెర్బెత్తా, పాస్తా లోపల రికొత్తా జున్ను, ఆకుకూర, ఫోర్నోవోలో ప్లేటు 11 యూరోలు, కడుపు నిండింది, రుచి అదిరింది. పర్మిజానో జున్నులో దూడ కడుపులోంచి తీసే, పాలు విరిచే రెనెట్ ఉంటుంది, ఆ జున్ను పైన చల్లడమే కాదు, మామూలుగా లోపలా కలుపుతారు, నిష్ఠగా ఉండేవాళ్లు ఇదీ వద్దనాలి. బిల్లులో మనిషికి 2.50 చొప్పున కొపెర్తో వేస్తారు, కూర్చున్నందుకు. గొడవపడకండి, అందరికీ వేస్తారు.

2025లో మా దారి ఖర్చులు: ఆస్ట్రియా హైవేలకి ముందే కొనుక్కునే పది రోజుల విన్యెట్ 12.40 యూరోలు, బ్రెన్నర్ టోల్ ఒక వైపుకి 12. ఇటలీ టోల్ రసీదులు అక్క దగ్గరున్నాయి, నన్ను చూడనివ్వలేదు. పార్మా ఊరి నడిమధ్యకి వ్యాన్ తీసుకెళ్లొద్దు, బయటి బళ్లకి ప్రవేశం లేదని చెప్పే జెడ్‌టీఎల్ బోర్డు దాటితే కెమెరా పట్టేస్తుంది, జరిమానా ఇంటికొస్తుంది. తిరుగు ప్రయాణంలో లుగానో చూద్దాం అని అక్క అడిగింది, బావ ఒప్పుకోలేదు, నేను ఆయన పక్షమే. స్విట్జర్లాండ్ విన్యెట్ ఏడాదికే అమ్ముతారు, 40 ఫ్రాంకులు, పైగా నంబర్ ప్లేటు లేని రేసు బండి కాగితాలతో కస్టమ్స్ ముందు నిలబడే ఓపిక ఎవరికీ లేదు.

వ్యాన్ అద్దె 289 యూరోలు, వెయ్యి కిలోమీటర్ల వరకు. మేం తిరిగింది 1,274, అదనానికి కిలోమీటరుకి 28 సెంట్ల చొప్పున 76.72 కట్టించుకున్నారు, అది న్యాయమే, కాగితంలో ముందే ఉంది. అన్యాయం దాని తర్వాతి లైను: లోపల వాసన వస్తోందని ప్రత్యేక క్లీనింగ్‌కి 60. బావ పెట్రోలు ఒక్క చుక్క కూడా నేల మీద పడనివ్వలేదు, కింద రబ్బరు షీటు వేశాం, ఫొటోలున్నాయి. అది పెట్రోలు కాదు ఆముదం అని, అది మనుషులు తలకి రాసుకునే నూనె అని అక్క పెద్ద ఉత్తరమే రాసింది. వాళ్లు మరకల ఫొటోలు పంపుతాం అన్నారు. పంపితే చూసి ఒప్పుకుంటాం, లేదంటే 60 తిరిగి ఇవ్వాల్సిందే.