చలికాలపు ఆర్‌వీలో హీటెడ్ హోస్: కొన్నేళ్లు వాడాక

చలికాలం కూడా ఆర్‌వీలోనే, అంటే ఇల్లులా అమర్చిన బండిలోనే గడిపేవాళ్లం కాబట్టి హీటెడ్ హోస్ లేకుండా మాకు కుదరదు. క్యాంపు కుళాయి నుంచి బండిలోకి నీళ్లు తెచ్చే గొట్టం ఇది, కరెంటు వేడితో గడ్డకట్టకుండా ఉంటుంది. కొన్నేళ్లుగా ఒకటే వాడుతున్నాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: హోస్ తన పని బాగా చేస్తుంది, కానీ దాని పని ఆ హోస్ వరకే. ఇది తగిలిస్తే ఇక పైపులు గడ్డకట్టవు అనుకుని కొనేవాళ్లకు నిరాశ తప్పదు.

తాగునీటి హోస్ వెంబడి ఒక హీటింగ్ వైరు, చుట్టూ ఫోమ్, పైన తొడుగు. వస్తువంతా ఇంతే. గడ్డకట్టే చలి దగ్గరపడగానే థర్మోస్టాట్ దాన్ని ఆన్ చేస్తుంది. మాది మైనస్ 29 డిగ్రీల సెల్సియస్ వరకు పనికొచ్చే రకం. ఇంకా గట్టి చలికి, మైనస్ 40 దాకా రేటింగ్ ఉన్నవీ ఉన్నాయి. థర్మోస్టాట్ ఉన్న కొసకు బయటి చలి తగలాలి. దాన్ని వెచ్చటి అరలో దాచిపెడితే బయట ఎంత చలి ఉందో దానికి తెలియదు, ఆన్ అవ్వదు. ప్లగ్ జీఎఫ్‌సీఐ సాకెట్‌కే (కరెంటు లీకైతే వెంటనే ఆగిపోయే రకం) పెట్టాలి. మిగిలిన పొడవును చుట్టలా చుట్టి కరెంటు ఇవ్వకూడదు, వేడి ఒకేచోట పోగవుతుంది. చలిలో ఈ హోస్ కర్రలా బిగుసుకుపోతుంది కాబట్టి ఎలా పరవాలో ఎండ ఉన్నప్పుడే చూసుకోవడం మేలు.

గొడవంతా రెండు కొసల దగ్గరే. క్యాంపు కుళాయి, నీటి ఒత్తిడిని అదుపు చేసే ప్రెజర్ రెగ్యులేటర్, కనెక్టర్లు, వీటికి సొంత వేడి లేదు. మధ్యలో నీళ్లు గోరువెచ్చగానే ఉంటాయి, కొసన బెత్తెడు ఐసు అడ్డం పడి లోపల చుక్క రాదు. మేం ఆ కుళాయికి హీట్ టేప్ (కరెంటుతో వేడెక్కే పట్టీ) చుట్టి పైన ఫోమ్ కట్టాం. తన వేడిని తానే తగ్గించుకునే సెల్ఫ్ రెగ్యులేటింగ్ రకం టేపే తీసుకోండి. మామూలు రకాన్ని ఒకదాని మీద ఒకటి పడేలా చుడితే కాలిపోతుంది. బయట తగిలించే ఫిల్టర్‌ను మాత్రం చలికాలంలో తీసేస్తాం. దాని ప్లాస్టిక్ డబ్బా పగలడానికి ఒక్క రాత్రి చాలు.

ఇక బండి లోపలి పైపుల సంగతి. వాటిని కాపాడేది హోస్ కాదు, ఫర్నేస్, అంటే బండిలో గ్యాస్‌తో వేడిగాలి ఇచ్చే యంత్రం. చాలా ఆర్‌వీల్లో ఫర్నేస్ గాలి కొంత అడుగుభాగంలోకి, ట్యాంకుల దగ్గరికి వెళ్తుంది. గ్యాస్ మిగులుతుందని ఎలక్ట్రిక్ హీటర్ పెడితే గది వెచ్చబడుతుంది, గోడ మీది థర్మోస్టాట్ తృప్తిపడుతుంది, ఫర్నేస్ తిరగదు. మనం దుప్పటి తీసేసేంత వెచ్చగా ఉన్నా నేల కింద పైపులు గడ్డకడతాయి. ఒక క్యాంపులో మా పక్కవాళ్లకు అచ్చం ఇలాగే జరిగింది. అందుకే గట్టి చలి రాత్రుల్లో హీటర్ ఉన్నా ఫర్నేస్ ఆగకుండా చూసుకుంటాం, సింకు కింద అరల తలుపులు తెరిచి పెడతాం. అన్నిటికంటే ముందు గడ్డకట్టేవి పైపుల్లోని నీళ్లు వదిలేయడానికి అడుగున బయటికి వేలాడే లో పాయింట్ డ్రెయిన్ గొట్టాలు. వాటికి ఫోమ్ తొడగడం రెండు నిమిషాల పని, అయినా చాలామంది వదిలేస్తారు.

మైనస్ 15 కిందికి పోయే రాత్రుల్లో నాకు హోస్ మీద కూడా పూర్తి నమ్మకం లేదు. కరెంటు పోతే అదీ మామూలు గొట్టమే కదా. అలాంటప్పుడు ముందే బండిలోని ఫ్రెష్ ట్యాంకు (మంచినీళ్లది) నింపి, హోస్ విప్పి, నీళ్లు వంచేసి లోపల పెట్టి, బండి పంపు మీద నడిపిస్తాం. హాయిగా నిద్రపడుతుంది. గ్రే ట్యాంకు (సింకు, స్నానం నీళ్లు చేరేది) వాల్వు కూడా మూసే ఉంచాలి. తెరిచి వదిలితే చుక్కచుక్కగా కారిన నీరు మురుగు గొట్టంలో పొరలు పొరలుగా గడ్డకట్టి దారి మూసేస్తుంది.

అన్నీ చేసినా ఎక్కడో గడ్డకడితే పంపు ఆపి, లోపలి కుళాయి తెరిచి, ఆ కుళాయి వైపు నుంచి హెయిర్ డ్రయ్యర్‌తో నెమ్మదిగా వేడి చేయండి. మంట జోలికి పోవద్దు. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. బండి లోపల ఉండే పెక్స్ (ఒక రకం ప్లాస్టిక్) పైపు కొంత సాగి తట్టుకుంటుంది, విరిగేవి ఫిట్టింగులే. పగులు ఐసు కరిగాకే బయటపడుతుంది కాబట్టి నీళ్లొచ్చాయని సంబరపడి వెళ్లిపోకుండా ప్రతి జాయింటూ తడిమి చూడండి.

చలికాలమంతా బండిని ఖాళీగా నిలిపేవాళ్లకు ఈ హోస్ అక్కర్లేదు. నీళ్లన్నీ వంచేసి, వాటర్ హీటర్‌ను బైపాస్ చేసి (దాన్ని తప్పించి), ప్రొపిలీన్ గ్లైకాల్‌తో చేసిన గులాబీ రంగు ఆర్‌వీ యాంటీఫ్రీజ్ (గడ్డకట్టని ద్రవం) పైపుల్లోకి ఎక్కిస్తే సరిపోతుంది. కారు రేడియేటర్లో పోసేది విషం, దాన్ని మాత్రం వాడకండి.