గ్లౌజులు, ఎల్సీ, ఎర్త్ రాడ్లు: స్తంభం ఎక్కేవాడికి ఏది మేలు?

ఉండి, ఆకివీడు వైపు రాత్రిపూట కరెంటు పోతే రెండు నిమిషాల్లో చెరువు గట్ల మీద జనరేటర్లు మొదలవుతాయి. నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే నీటిలో ప్రాణవాయువు పడిపోయి తెల్లవారేసరికి రొయ్య తేలిపోతుంది. అందుకే ఏ రైతూ ఆలస్యం చేయడు. మరమ్మతు కోసం మేమే ఎల్సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపి పని చేసుకోవడానికి సబ్‌స్టేషన్ ఇచ్చే అనుమతి) తీసుకుని లైను ఆపినా జరిగేది అదే.

ముప్పు అక్కడే ఉంది. లైను కరెంటు, జనరేటరు కరెంటు కలవకుండా విడదీసే చేంజోవర్ స్విచ్ సరిగా లేని చోట ఆ జనరేటర్ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌లోకి ఎదురెక్కుతుంది. 11 కేవీని 433 వోల్టులకు దించే యంత్రమే, వెనక నుంచి కరెంటు ఇస్తే దాదాపు పాతిక రెట్లు పెంచి పై తీగల మీదికి పంపుతుంది. సబ్‌స్టేషన్‌లో లైనును ఆపే బ్రేకర్ తీసే ఉంటుంది. ఆపరేటరు చెప్పిందీ నిజమే. అయినా స్తంభం మీదివాడు ముట్టుకుంటే ప్రాణం పోతుంది.

విద్యుత్ పంపిణీలో ప్రమాదాలు తగ్గించడానికి ముందుగా దేని మీద ఖర్చు పెట్టాలి అన్న చర్చ వచ్చినప్పుడల్లా నాకు ఈ చెరువు గట్లే గుర్తొస్తాయి. చాలా ఏళ్లు లైన్ల మీద తిరిగినవాడిగా నా లెక్క చెబుతాను.

హెల్మెట్, బెల్టు, గ్లౌజులు కొనడం తేలిక, పంచుతూ ఫొటో దిగడం ఇంకా తేలిక. బెల్టు విషయంలో నాకు పేచీ లేదు. స్తంభం మీద నుంచి జారి నడుము పోగొట్టుకున్నవారిని చూశాను. గ్లౌజుల సంగతి వేరు. మే నెల ఉక్కపోతలో రబ్బరు గ్లౌజు తొడుక్కుని పావుగంట నట్లు తిప్పి చూడండి. చెమటకు లోపల చెయ్యి జారుతుంది, నట్టు చిక్కదు, మూడో నట్టు దగ్గర గ్లౌజు నడుముకు వేలాడుతుంది. పైగా తక్కువ వోల్టేజీ, అంటే ఎల్‌టీ పనికి ఇచ్చిన గ్లౌజు 11 కేవీని ఆపదు. కొత్తగా వచ్చిన హెల్పరుకు రెండింటికీ తేడా తెలియదు. మణికట్టు వైపు నుంచి చుట్టుకుంటూ లోపలి గాలిని వేళ్లలోకి నొక్కి, ఎక్కడైనా పగులు ఉందేమో చూసుకోవాలి. ఎక్కే ముందు అలా చూసుకునేవాళ్లు ఎంతమందో ఎవరి సెక్షన్‌లో వారే లెక్కపెట్టుకోవాలి.

ఎల్సీ లేకుండా అసలు పనే మొదలుపెట్టకూడదు, అందులో వాదన లేదు. ఎవరు అడిగారో, ఏ ఫీడరో (సబ్‌స్టేషన్ నుంచి వెళ్లే ఏ లైనో), ఎన్ని గంటలకో రిజిస్టరులో రాసుకుని బ్రేకర్ తీస్తారు. పని అయ్యాక ఎల్సీ తీసుకున్నవాడే దాన్ని తిరిగి ఇవ్వాలి. అయితే ఇదంతా ఫోనులో మాట మీద నడిచే పద్ధతి. ఒకే వరుస స్తంభాల మీద రెండు ఫీడర్లు నడిచే చోట పేరు ఒక్కటి తప్పుగా వినబడితే చాలు. కాంట్రాక్టు ముఠా దిగితే చిక్కు రెట్టింపు. ఎల్సీ ఏమో విద్యుత్ సంస్థ లైన్‌మన్ పేరున ఉంటుంది, స్తంభం ఎక్కేది కాంట్రాక్టరు మనిషి. తుపాను తర్వాత పొరుగు జిల్లాల నుంచి వచ్చిన ముఠా మూడు చోట్లకు చీలి పని చేస్తుంటే, చీకటి పడేవేళ అందరూ దిగారా లేదా అన్నది ఎవరు లెక్కపెట్టాలి? లైన్‌మన్ మేస్త్రీని అడుగుతాడు. మేస్త్రీ పక్క మేస్త్రీకి ఫోను చేస్తాడు.

అందుకే నా ఓటు ఎర్త్ రాడ్లకు. తీగలో కరెంటు ఉందో లేదో ముందు డిటెక్టరుతో చూసి, పని చేసే చోటుకు రెండు వైపులా మూడు తీగలనూ భూమికి కలిపేస్తే, కరెంటు ఎటు నుంచి వచ్చినా నేలలోకి దిగుతుంది. ఆపరేటరు పొరపడినా, రైతు జనరేటరు ఎదురెక్కినా పనివాడికి అడ్డు ఉంటుంది. కలిపేటప్పుడు ముందు భూమి వైపు, తర్వాత తీగ వైపు. తీసేటప్పుడు దానికి తిరగబడిన వరుస. ఇది కొత్త మాటేమీ కాదు. తీగను ముట్టుకునే ముందు ఎర్త్ చేసో, మరో తగిన పద్ధతిలోనో అందులోని కరెంటును తీసేయాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010 నిబంధనల్లోనే చెప్పింది.

ఒక సాయంత్రం కాలువ గట్టు మీద పని. ముఠా మేస్త్రీ తొందరపడుతున్నాడు. "ఎల్సీ ఉంది కదండీ, ఇంకా ఈ రాడ్లెందుకు?" అన్నాడు. నేను వినలేదు. మూడో తీగకు రాడ్డు తగిలించగానే చిట్లిన శబ్దం, నీలిమంట. అవతల గట్టు మీద జనరేటరు ఒక్కసారిగా మూలిగి ఆగిపోయింది. ఎక్కడానికి సిద్ధంగా ఉన్న కుర్రవాడు చెప్పులు విడిచిన చోటే నిలబడిపోయాడు.

ఆ సంగతి ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు. ఎవరికీ దెబ్బ తగల్లేదు కదా. ప్రమాదం జరగని రోజులు లెక్కపెట్టి బహుమతులిచ్చే పద్ధతిని నేను అన్నింటికన్నా అడుగున పెట్టేది ఇందుకే. దానివల్ల నోళ్లు మూతపడతాయి.

రాడ్లకూ లోటు లేకపోలేదు. రెండు వైపులా వేసి తీయడానికి సమయం పడుతుంది. స్తంభానికి ఇంత అని కూలి కట్టే కాంట్రాక్టులో ఆ సమయానికి డబ్బు లేదు. కాబట్టి మేస్త్రీని తిట్టి లాభం లేదు. ముఠాకు రెండు సెట్ల రాడ్లు, వాటిని వేసి తీసే శ్రమ ఎస్టిమేటులో విడిగా రాయాలి. కాంట్రాక్టరు మనిషే కదా అని సంస్థ తప్పించుకోవడానికీ వీల్లేదు. 2025 దాకా అమల్లో ఉన్న 1923 నాటి పరిహార చట్టం 12వ సెక్షన్ ప్రకారం అతడి కుటుంబం పని అప్పగించిన సంస్థనే అడగగలిగేది.

మర్నాడు ఆ మేస్త్రీ వచ్చి రాడ్లు ఎక్కడ దొరుకుతాయని అడిగాడు. మా సెక్షన్‌లో ఉన్న పాత సెట్టు ఇచ్చి పంపాను. తిరిగి తేలేదు, నేనూ అడగలేదు.